మద్దికెరలో మధ్యాహ్నం ఎప్పుడు?

మద్దికెరలో గోడ గడియారం పన్నెండు కొట్టింది. అన్నం వేళయిందని ఇళ్లల్లో పిలుపులు మొదలయ్యాయి. పెరట్లోకి వచ్చి తలెత్తి చూస్తే మాత్రం సూర్యుడు ఇంకా నడినెత్తికి రాలేదు, కాస్త తూర్పునే ఉన్నాడు. ఆయన నడిమింటికి చేరాలంటే సగటున ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది. ఆదోనిలో అయితే ఇరవై ఒక్క నిమిషాలు. గడియారం తొందరపడుతోందా, సూర్యుడు బద్ధకిస్తున్నాడా?

ఇద్దరి తప్పూ లేదు. ఆ గోడ గడియారం చూపిస్తున్నది మద్దికెర టైము కానే కాదు. ఐదారు వందల కిలోమీటర్ల అవతల, తూర్పు తీరాన తుని దగ్గరగా పోయే ఒక ఊహారేఖ టైము అది. ఆ రేఖ మీద సూర్యుడు నడిమింటికి వచ్చినప్పుడు దేశమంతా పన్నెండు అన్నమాట. తునిలో పన్నెండయితే మద్దికెరలోనూ పన్నెండే, ముంబయిలోనూ పన్నెండే. ఇప్పుడు ఇది ఎవరికీ వింతగా అనిపించదు. కానీ ఇలా ఒప్పించడానికి మన దేశంలో ముప్పావు శతాబ్దానికి పైగా పట్టింది. మధ్యలో కొట్లాటలు జరిగాయి, రాళ్లు పడ్డాయి. ఆ కథలో సగం మన రైలు పట్టాల మీదే నడిచింది.

బారెడు పొద్దు, జాము రాత్రి

గడియారాలు రాకముందు ఊళ్లో టైము ఎలా తెలిసేది? ఇప్పటికీ పెద్దవాళ్ల మాటల్లో ఆ పాత గడియారం ఆనవాళ్లు దొరుకుతాయి. తొలికోడి కూత, సద్ది పొద్దు, అంబటి పొద్దు, బారెడు పొద్దెక్కడం, పొద్దు వాలడం, దీపాలు పెట్టే వేళ, జాము రాత్రి... ఇవన్నీ టైములే. రాత్రిపూట మోట తోలే రైతుకు పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క దారి చూపేవి. నిమిషాల లెక్క ఎవరికీ అక్కర్లేదు. చేలో పనికి అంబటి పొద్దు అంటే అంబటి పొద్దే. పది గంటలా, పదింబావా అని అడిగేవాళ్లు లేరు.

అంతమాత్రాన మనవాళ్లకు కచ్చితమైన లెక్క తెలియదనుకుంటే పొరపాటు. అసలు గడియారం అన్న మాట పుట్టిందే గడియ నుంచి. రోజుకు అరవై గడియలు. గడియ అంటే మన ఇప్పటి లెక్కలో 24 నిమిషాలు. అందులో అరవయ్యో వంతు విఘడియ, అంటే 24 సెకన్లు. రెండు గడియలు ఒక ముహూర్తం. ఏడున్నర గడియలు ఒక జాము, అంటే మూడు గంటలు.

దీన్ని కొలిచే సాధనం కూడా చాలా తేలికైనది. పల్చటి రాగి గిన్నె, దాని అడుగున సన్నటి బెజ్జం. గడియకుడుక అనేవారు దాన్ని. నీళ్ల తొట్టిలో వదిలితే బెజ్జంలోంచి నీరు ఎక్కుతూ, సరిగ్గా 24 నిమిషాలకు గిన్నె బుడుంగున మునిగిపోతుంది. కాపలా కూర్చున్న మనిషి వెంటనే జేగంట కొట్టి, గిన్నె తీసి ఖాళీ చేసి మళ్లీ వదులుతాడు. కోటల్లో, పెద్ద గుళ్లలో, పెళ్లిళ్లలో ఇదే గడియారం. కీ ఇవ్వనక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. మనిషి కునుకు తీయకపోతే చాలు!

అయితే ఈ లెక్కంతా మొదలయ్యేది ఆ ఊరి సూర్యోదయంతో. ఆదోనికి ఆదోని సూర్యుడే, విశాఖకు విశాఖ సూర్యుడే. కాకినాడలో పొద్దు పొడిచిన దాదాపు ఇరవై నిమిషాలకు గానీ ఆదోనిలో పొద్దు పొడవదు. ఆ తేడా ఎవరికీ తెలిసేది కాదు, తెలిసినా నష్టం లేదు. ఎడ్లబండి మీద కాకినాడ నుంచి ఆదోనికి చేరేసరికి రోజులకు రోజులు పడుతుంది. ఇరవై నిమిషాల తేడా ఎవడు పట్టించుకుంటాడు?

రాతి స్తంభం మీద తెలుగు అక్షరాలు

పట్టించుకునే మనుషులు మద్రాసులో ఉండేవారు. ఈస్టిండియా కంపెనీ ఓడలకు నడిసముద్రంలో తామెక్కడున్నామో తెలియాలంటే కచ్చితమైన టైము కావాలి. భూమి ఇరవై నాలుగు గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, ఒక్కో డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిమిషాల తేడా వస్తుంది. టైము తెలిస్తే రేఖాంశం తెలుస్తుంది, రేఖాంశం తెలిస్తే టైము తెలుస్తుంది. అందుకే కంపెనీ 1792లో మద్రాసులోని నుంగంబాకంలో ఒక వేధశాల కట్టించింది. మైఖేల్ టాపింగ్ దాని రూపకర్త.

ఆ వేధశాల భవనం ఇప్పుడు లేదు. దుర్భిణీ వంటి పరికరాన్ని కదలకుండా నిలబెట్టడానికి నాటిన భారీ గ్రానైట్ స్తంభం మాత్రం మిగిలింది. అక్కడి వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద లాటిన్, తమిళం, హిందుస్తానీతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. వెయ్యేళ్ల తర్వాత వచ్చేవాళ్లకు కూడా ఇక్కడ గణితశాస్త్రం నాటిన సంగతి తెలియాలని వాళ్ల కోరిక. గణితమేదో తామే తెచ్చి నాటినట్టు రాసుకోవడం దొరల తరహా. అది రాయించే నాటికే ఇక్కడి పంచాంగ సిద్ధాంతులు తరతరాలుగా గ్రహణాలు లెక్కకట్టి చెబుతున్నారు మరి!

1802లో జాన్ గోల్డింగ్‌హామ్ అనే ఖగోళ శాస్త్రవేత్త అక్కడి నుంచి లెక్కగట్టి, గ్రీనిచ్ కంటే మద్రాసు 5 గంటల 21 నిమిషాలు ముందుందని తేల్చాడు. అదే మద్రాసు టైము. ఊరివాళ్లు వాచీలు సరిచేసుకోవడానికి కోటలో ఫిరంగి పేల్చేవారు.

అదే 1802లో మద్రాసు పక్కన పరంగిమల దగ్గర విలియం లాంబ్టన్ వంద అడుగుల ఉక్కు గొలుసుతో దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. ఆయన కొలతలకు మూలరేఖ మద్రాసు వేధశాలే. 1811లో ఆ గొలుసు మద్దికెర పొరుగున ఉన్న గుత్తికి వచ్చింది. గుత్తి దగ్గర మైదానంలో గొలుసు పరిచి, ఒక ఆధార రేఖను అంగుళాలతో సహా కొలిచారు. అలా మద్రాసుకు మన ప్రాంతం ఎంత పడమరగా ఉందో కాగితం మీదికి ఎక్కింది. అంటే ఆదోని టైము మద్రాసు టైముకు ఎంత వెనుకో చెప్పడానికి కావలసిన లెక్క, ఇక్కడికి ఒక్క గడియారమైనా రాకముందే సిద్ధమైపోయింది.

విశాఖలో అయితే ఆ పని చేసింది తెలుగువాడే. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసులో ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్త టేలర్ దగ్గర చదువుకుని వచ్చి, 1840 ప్రాంతంలో సొంత డబ్బుతో విశాఖలో వేధశాల పెట్టుకున్నారు. ఇవాళ నగరం నడిబొడ్డున ఉన్న డాబాగార్డెన్స్ అదే చోటు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నాటించి, జెండా సంకేతంతో ఓడలకూ, ఊరికీ టైము తెలిపే ఏర్పాటు చేశారాయన. ఆయన 1856లో పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ వేధశాలను నడిపారు. డాబాగార్డెన్స్‌లో ఇప్పుడు షాపింగ్‌కు తిరిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

అరగంట తగవు

ఇక రైలు వచ్చింది. అప్పటిదాకా అక్కరకు రాని ఇరవై నిమిషాలకు ఒక్కసారిగా విలువ పుట్టుకొచ్చింది.

మద్రాసు రైల్వే కంపెనీ వాళ్లు అరక్కోణం నుంచి రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా వాయవ్యానికి పట్టాలు వేసుకుంటూ పోయారు. బొంబాయి నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే వాళ్లు ఆగ్నేయానికి వేసుకుంటూ వచ్చారు. 1871లో ఈ రెండూ రాయచూరులో కలిశాయి. ఆదోనిలో మూటగట్టిన పత్తి అటు బొంబాయికీ వెళ్లొచ్చు, ఇటు మద్రాసుకూ వెళ్లొచ్చు. బాగానే ఉంది. మరి టైమ్‌టేబుల్లో ఏ టైము వేయాలి?

బొంబాయిలో పన్నెండయితే మద్రాసులో పన్నెండున్నర. కలకత్తాలో ఒంటిగంట దాటుతుంది. మధ్యలో ప్రతి ఊరికీ దాని సొంత టైము. దాదాపు అన్నిచోట్లా ఒకే పట్టా మీద ఎదురెదురుగా బండ్లు నడిచే రోజులవి. ఇద్దరు స్టేషన్ మాస్టర్ల గడియారాలు ఏకం కాకపోతే ప్రాణాలే పోతాయి. అందుకని 1870 ప్రాంతంలో దేశంలోని రైళ్లకంతా మద్రాసు టైమునే ఖాయం చేశారు. కలకత్తాకూ బొంబాయికీ నడుమ మద్రాసు ఉండటం ఒక కారణం. నక్షత్రాలు చూసి తేల్చిన టైమును టెలిగ్రాఫ్ తీగ మీద రోజూ దేశమంతటికీ పంపగల వేధశాల అక్కడ ఉండటం ఇంకో కారణం. రోజూ సాయంత్రం నాలుగింటికి స్టేషన్లన్నిటికీ టైము చెప్పి గడియారాలు సరిచేయించడం ఆ తర్వాత కూడా రైల్వేలో చాలా కాలం ఆనవాయితీగా నడిచింది.

ఇక్కడో తమాషా చూడండి. ఆదోని టైము మద్రాసు టైముకు 12 నిమిషాలు వెనుక. విశాఖ టైము మద్రాసుకు 12 నిమిషాలు ముందు. తెలుగునేల ఆ చివరికీ ఈ చివరికీ మధ్యలో, సరిగ్గా కొలిచిపెట్టినట్టు మద్రాసు గడియారం. ఆ పన్నెండు నిమిషాలు ఆదోని వైపు ప్రయాణికుడికి నష్టం, విశాఖ వైపు వారికి లాభం. నడినెత్తిన పొద్దు చూసుకుని ఆదోని స్టేషన్‌కు చేరినవాడికి పన్నెండు గంటల బండి అప్పటికే పోయి ఉంటుంది. విశాఖలో అదే లెక్కన వచ్చినవాడు పన్నెండు నిమిషాలు బీడీ కాల్చుకుంటూ కూర్చోవచ్చు.

మద్దికెర మీదుగా పట్టాలు పడింది 1880ల చివర్లో. గుంతకల్లు నుంచి నంద్యాల వైపు వేసిన మీటర్ గేజ్ లైను అది. దసరా గుర్రాల పందేలకు పేరున్న ఊళ్లోకి ఇనుప గుర్రం వచ్చింది. దాంతోపాటే స్టేషన్ గోడ మీద మద్రాసు గడియారమూ వచ్చింది. చేతికి వాచీ, ఇంట్లో గడియారం లేని పల్లెల్లో బండి కూతే గడియారమైపోయింది. ఫలానా బండి పోయాక గొడ్లను తోలుకురావడం, ఫలానా బండి వచ్చే లోపల నీళ్లు తెచ్చుకోవడం రైలు కట్ట పక్కన పుట్టి పెరిగినవాళ్లెవరికైనా తెలిసిన లెక్కే. బండి ఆలస్యమైతే ఆ రోజు ఊరు మొత్తం ఆలస్యం! 1990లలో మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ పడింది. అప్పటికి అందరి చేతులకూ వాచీలు వచ్చేశాయి కాబట్టి ఆ కూతల గడియారం పోయిందని బాధపడినవారు పెద్దగా లేకపోవచ్చు.

రైలు మార్గం పడని ఎమ్మిగనూరు మాటేమిటి? అక్కడ పని మగ్గం మీద. నేతకు కూలి ఎన్ని గంటలు కూర్చున్నాడని కాక, ఎన్ని గజాలు నేశాడని కడతారు. పొద్దు ఉన్నంతసేపూ నేయడమే. ఏ టైము మారినా మగ్గానికి పట్టదు. గంటల లెక్కన కూలి ఇచ్చే చోటే అసలు పేచీ పుట్టింది. ఆ పేచీ బొంబాయిలో బద్దలైంది.

బొంబాయి ఎదురు తిరిగింది

బొంబాయివాళ్లకు మద్రాసు టైమంటే మొదటి నుంచీ పడదు. తమ ఊళ్లో పన్నెండు అయితే తమ రైల్వే స్టేషన్లో పన్నెండున్నర. ఇదెక్కడి న్యాయం? పైగా మద్రాసు ఏమిటి, మాకు టైము చెప్పడమేమిటి అన్న రోషం ఒకటి. 1881లో గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్ ప్రభుత్వ కార్యాలయాలన్నీ మద్రాసు టైము పాటించాలని హుకుం జారీ చేశాడు. నగరం ఒప్పుకోలేదు. అప్పటికి కొత్తగా కట్టిన రాజాబాయి టవర్ గడియారం ఏ టైము చూపాలన్న దాని మీద వాదోపవాదాలు నడిచాయి. రెండేళ్లు తిరక్కుండానే, 1883లో, ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఆ మరుసటి ఏడు అమెరికాలోని వాషింగ్టన్‌లో దేశదేశాల ప్రతినిధులు కూర్చుని, భూగోళానికంతటికీ గ్రీనిచ్ నుంచే లెక్క మొదలుపెట్టాలని తీర్మానించారు. ఇక మన దేశం గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాల చిల్లర అంటూ ఉంటే కుదరదు. గుండుగుత్తగా ఐదున్నర గంటలు చేస్తే లెక్క సులువు. ఆ ఐదున్నర గంటలకు సరిపోయే రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలు. ఉత్తరాన మీర్జాపూర్ దగ్గరగా, దక్షిణాన మన తుని దగ్గరగా దిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. 1906 జనవరి 1 నుంచి అదే ఇండియన్ స్టాండర్డ్ టైము.

మద్రాసువాళ్లు గడియారం ముల్లు తొమ్మిది నిమిషాలు ముందుకు తిప్పుకుంటే సరిపోయింది. బొంబాయివాళ్లు 39 నిమిషాలు తిప్పాల్సి వచ్చింది. కాగితం మీద ఇది చిన్న అంకె. తెల్లారకముందే మిల్లు గేటు దగ్గర నిలబడాల్సిన కూలివాడికి మాత్రం ఇది నిద్ర. ఆరు గంటలకు రమ్మంటే పాత లెక్కలో ఐదుంబావు దాటిన కాసేపటికే వచ్చినట్టు. జనవరి చలిలో, చీకట్లో. సాయంత్రం త్వరగా వదులుతారన్న నమ్మకమూ వాళ్లకు లేదు. ఎందుకంటే మిల్లు గడియారం యజమాని చేతిలో ఉంటుంది. ఆ జనవరి తొలివారంలోనే జేకబ్ ససూన్ మిల్లు దగ్గర నాలుగైదు వేలమంది కార్మికులు పని మానేసి తిరగబడ్డారు. రాళ్లు రువ్వారు.

నగరంలోని పెద్దమనుషులు కూడా పట్టుదలకు పోయారు. వంగ విభజన మీద దేశం ఉడికిపోతున్న రోజులవి. సర్కారు ఏది మార్చినా అనుమానమే. మా సూర్యుణ్ని కూడా మీరే నడిపిస్తారా అన్నట్టు బొంబాయి నగరపాలక సంస్థ పాత టైమునే పట్టుకుని కూర్చుంది. ఎంతకాలమో తెలుసా? 1955 దాకా! దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, రాజ్యాంగం అమలయ్యాక కూడా అక్కడ రెండు టైములు నడిచాయి. కలకత్తా కూడా తన సొంత టైమును 1948 దాకా వదల్లేదు.

రెండు గడియారాలు

మరి మన పల్లెల్లో? ఇక్కడ జరిగింది వేరు. స్టేషన్‌కు ఒక గడియారం, ఇంటికి ఒక గడియారం అన్నట్టు రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి. బండికీ, కోర్టుకూ, బడికీ స్టాండర్డ్ టైము. విత్తనానికీ, పెళ్లికీ, పురుటికీ పంచాంగం. బొంబాయివాళ్లు ఒక్క గడియారం మీద పట్టుబట్టి కొట్లాడితే, మనవాళ్లు రెంటినీ జేబులో వేసుకున్నారు. ఇది లొంగుబాటా, లౌక్యమా అంటే లౌక్యమనే చెప్పాలి.

ఈ రెండు గడియారాలనూ ఒకే చేత్తో పట్టుకున్న మనిషి ఒకరున్నారు. చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల కుటుంబంలో పుట్టి, మద్రాసు వేధశాలలో ఉద్యోగంలో చేరారు. 1867లో ‘ఆర్ రెటిక్యులీ’ అనే నక్షత్రం వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉంటుందని కనిపెట్టింది ఆయనే. పగలు కంపెనీ దుర్భిణీ లెక్కలు, ఇంటికొస్తే పంచాంగం లెక్కలు. పాత సూత్రాలను వల్లెవేయడం కాకుండా, ఆకాశంలో కంటికి కనిపించేదానితో పంచాంగాన్ని సరిచేయాలని ఆయన పట్టుబట్టారు. దాన్నే దృగ్గణితం అంటారు. ఇప్పుడు మనం కొనే పంచాంగాల్లో చాలావాటి మీద ఆ మాట కనిపిస్తుంది.

మధ్యలో ఇంకో విడ్డూరం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా దేశంలోని గడియారాలన్నిటినీ గంట ముందుకు జరిపారు. పగటి వెలుగును పొదుపుగా వాడుకుందామని. ఆ మూడేళ్లూ మద్దికెరలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో ఒంటిగంటా ఇరవై. పదింటి బడికి పిల్లలు పొద్దు ప్రకారం తొమ్మిది కూడా కాకుండానే చేరాలన్నమాట.

ఇవాళ్టి రాహుకాలం

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. ఇవాళ ఆదివారం. గోడ క్యాలెండర్లో రాహుకాలం సాయంత్రం 4.30 నుంచి 6.00 అని ఉంటుంది. ఆ అంకెలు ఎక్కడివి? పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఆదివారం రాహుకాలం చివరి భాగం. సూర్యుడు ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకుతాడని అనుకుని వేసిన లెక్క అది. తుని చుట్టుపక్కల సగటున అది సరిపోతుంది. ఆదోనిలో సూర్యుడు గడియారానికి ఇరవై ఒక్క నిమిషాలు వెనక నడుస్తాడు కాబట్టి, అసలు లెక్క ప్రకారం అక్కడ రాహుకాలం సగటున 4.51కి మొదలై 6.21కి పోవాలి. ఆరు దాటగానే హమ్మయ్య అనుకుని శుభకార్యానికి బయల్దేరిన ఆదోని మనిషి, శాస్త్రం ప్రకారం నిండు రాహుకాలంలోనే గడప దాటుతున్నాడు! ఇన్నేళ్లుగా ఇలా బయల్దేరినవాళ్లంతా క్షేమంగానే ఇళ్లకు చేరారు కదా అంటే, అది వేరే చర్చ.

ముహూర్తాలదీ అదే తంతు. తూర్పు దిక్కున ఏ రాశి పొడుస్తుందో అదే లగ్నం. కాకినాడలో పొడిచిన రాశి ఆదోనిలో పొడవడానికి దాదాపు ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే తెలిసిన సిద్ధాంతులు పంచాంగంలో ఉన్న టైమును ఉన్నట్టు రాసివ్వరు. పెళ్లి ఏ ఊళ్లో అని అడిగి సవరించి ఇస్తారు. కోస్తాలో వేసిన క్యాలెండర్ చూసి, కర్నూలు జిల్లా పడమటి చివర కల్యాణమండపంలో తాళి కట్టిస్తే ఆ నిమిషాల పట్టింపు అంతా వృథా.

దీనికంటే బరువైన సంగతి ఒకటుంది. పడమటి ఊళ్లలో పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది, ఆలస్యంగా కుంకుతుంది. బడి గంట మాత్రం దేశమంతా దాదాపు ఒకే వేళకు కొడుతుంది. పొద్దు ఆలస్యంగా కుంకే చోట పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు, కానీ లేవాల్సిన టైము మారదు. మౌలిక్ జగ్నానీ అనే ఆర్థికవేత్త మన దేశంలోని లెక్కలే తీసి చూశారు. సూర్యాస్తమయం గంట ఆలస్యమైతే పిల్లల నిద్ర అరగంట తగ్గుతోందనీ, ఆ ప్రభావం చదువు మీద కూడా పడుతోందనీ, పేద ఇళ్లలోనే దెబ్బ ఎక్కువనీ తేల్చారు. ఇరుకు ఇంట్లో, ఉక్కలో, చీకటి పడి చల్లబడితే గానీ కంటికి నిద్ర రాదు కదా.

మన రాష్ట్రంలో ఈ చివర ఇచ్ఛాపురానికీ ఆ చివర ఆదోనికీ పొద్దు తేడా అరగంట. అరగంటే కాబట్టి అతిగా చెప్పుకోవడం తగదు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పిల్లలు బడి మానేస్తున్నారంటే దానికి సూర్యుణ్ని తప్పుపట్టేముందు సుగ్గిని చూడాలి. వానలు మొహం చాటేసి, అమ్మానాన్నలు మిరపకాయల కోతకు గుంటూరు వైపు మూటాముల్లె సర్దుకుంటే, వెంట వెళ్లే పిల్లాడికి బడి గంట ఎన్నింటికి కొడితే ఏం? అయినా ఉన్న పిల్లల కోసమైనా, పడమటి మండలాల్లో బడి వేళను ఇరవై నిమిషాలు జరిపితే ఎలా ఉంటుందని ఆలోచించడానికి ఖర్చేమీ కాదు. అస్సాం తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుని పనిచేయడం బ్రిటిష్ కాలం నుంచీ ఉన్నదే. దాన్ని అక్కడ తోటల టైము అంటారు. మన దేశపు అధికారిక టైమును కాపాడే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2018లో ఈశాన్య రాష్ట్రాలకు వేరే టైము ఉంటే మంచిదని ప్రతిపాదించారు కూడా. తూర్పు గోడు వినిపించినట్టుగా పడమటి గోడు వినిపించడం లేదంతే.

సొంత ఊరి టైము ఎంతో తెలుసుకోవాలంటే ఏ పరికరమూ అక్కర్లేదు. వాకిట్లో నిటారుగా ఒక కర్ర పాతి, నీడ అన్నిటికంటే పొట్టిగా మారిన క్షణంలో వాచీ చూస్తే చాలు. అదే ఆ ఊరి అసలు మధ్యాహ్నం. భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, పైగా ఒరిగి తిరుగుతుంది. కాబట్టి ఆ క్షణం ఏడాది పొడవునా ఒకలా ఉండదు. మద్దికెరలో నవంబర్ మొదట్లో అది 12 దాటిన నాలుగైదు నిమిషాలకే వచ్చేస్తుంది, ఫిబ్రవరి నడుమ 12.35 దగ్గరికి జరుగుతుంది. ఏప్రిల్ 15, సెప్టెంబర్ 1 ప్రాంతాల్లో మాత్రం సగటు లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

ఇంకో రెండు రోజులు గుర్తుపెట్టుకుంటే పిల్లలకు మంచి ఆట. మే 2 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 11 ప్రాంతంలో మరోసారి సూర్యుడు మద్దికెరకు నిట్టనిలువుగా నెత్తి మీదికి వస్తాడు. కర్రకు నీడే ఉండదు. ఆగస్టులో మబ్బు పట్టి ఉండొచ్చు కాబట్టి మే నెలే నయం. ఎండకు తల మీద తువ్వాలు వేసుకుని, పన్నెండుంబావుకల్లా వాకిట్లో ఉండాలి. నీడ మాయమయ్యేది 12 గంటల 17 నిమిషాలకు.